పచ్చళ్ళగదిలో చుక్కలు

మా యింటి యుత్తరపువైపున నొక చిన్నగది కలదు. పది యడుగుల పొడవు, ఎనిమిది యడుగుల వెడల్పు. రాతిగోడలు, నాపరాతి నేల, ఉత్తరమున నొక్కటే కిటికీ. మేము కోడలిగా వత్సవాయి వచ్చి పదునాఱేండ్లయినది. ఆనాటినుండి దానిని పచ్చళ్ళగది యనియే విన్నాము. ఆవకాయ, మాగాయ, చింతకాయ, గోంగూర, ఉసిరిక, వీని జాడీలు గోడవారగ వాసెనలు గట్టుకొని వరుసగా కూర్చుండెడివి. పప్పులు, ఎండుమిరపకాయలు, ఏటి చింతపండు నందే యుండెడివి. తాళపుచెవి మా యత్తగారి మొలను వ్రేలాడుచుండును. బీరువా తాళము మావారియొద్ద నుండినను దాని నెవరును లక్ష్యపెట్టరు. ఈ తాళము మాత్రము చేతులు మాఱి యెఱుగదు. అట్టి గది నేడు చుక్కల ఛాయాచిత్రములు తీయు కార్యాలయమైనది. అది యెట్లయినదో, అందుకు మా యింట నెవరేమి చెల్లించుకొంటిమో సోదరీమణులకు విన్నవింపఁదలచితిమి.

మేము బడిలో చదివినది స్వల్పము. తండ్రిగారు మమ్ము ఇంటియొద్దనే కూర్చుండబెట్టి అమరకోశము, రఘువంశము, భారతమున గొన్ని పర్వములు చెప్పిరి. ఏడవయేటనే అశ్విని మొదలు రేవతివఱకు నిరువదియేడు నక్షత్రములను గ్రుక్క త్రిప్పుకొనక యప్పగించెడివారము. వానిలో నొక్కదానినైన నాకసమున చూపుమని మమ్మెవరు నడుగలేదు. చూడవలయునని మాకును తోఁచలేదు. మా వివాహము వైశాఖమాసమున పగలు పదిన్నర గంటలకు జరిగినది. పురోహితులు మమ్మిరువురను పందిరి వెలుపలికి దీసికొనిపోయి మండుటెండలో వ్రేలెత్తి చూపి, "అరుంధతి కనబడినదా తల్లీ?" యనిరి. కన్నులు చికిలించుకొని, "కనబడినదండీ" యంటిమి. ఇది చదువుచున్న సోదరీమణులలో నీ యబద్ధ మాడనివా రెందఱు?

2020వ సంవత్సరమున మహమ్మారి మూలమున బడులు మూతపడగా, ప్రక్కగ్రామమున పంతులుగా నున్న మావారికి సాయంకాలములు తీఱిక చిక్కెను. ఆ జూలై నెలలో నియోవైస్ అను తోకచుక్క సంధ్యవేళ వాయవ్యమున కనబడునని విని దినదినము డాబా యెక్కితిమి. వానకారు మబ్బు లొక్కనాడును తెఱపి యీయలేదు. తోకచుక్క వచ్చినదారిని పోయినది. డాబా యెక్కు నలవాటు మాత్రము మాకు మిగిలినది. కార్తికమున మావారి స్నేహితులొకరు కెమెరా యెరువిచ్చిరి. దానిని ముక్కాలిపీటపై నాకసమునకు త్రిప్పి నిలిపి అరనిముసము తెఱచి యుంచితిమి. పిల్లలకోడి వచ్చుననుకొంటిమి, ఏడెనిమిది తెల్లని గీట్లు వచ్చినవి.

భూమి తిరుగునని పుస్తకమున చదువుట వేఱు, ఆ తిరుగుడు మన చేతిలోని చిత్రమును చెఱుపుట వేఱు. నక్షత్రములనుబట్టి చూచిన భూమి 23 గంటల 56 నిముసముల 4 సెకనులకు నొకమాఱు తిరుగుచున్నది. కదలని కెమెరాతో చుక్క చుక్కగా రావలెనన్న నొక మోటలెక్క కలదు: 500ను కటకపు నాభిదూరముచే భాగింపవలయును. ఏబది మిల్లీమీటర్ల కటకమైన పది సెకనులు. పది సెకనులలో కెమెరా త్రాగు వెలుతు రెంత? ఉగ్గుగిన్నె యడుగు తడియనంత. అందుచేత భూమి తిరుగుదాని కెదురుగా అంతే వడిగా కెమెరాను త్రిప్పు యంత్రము కావలయును. దానిని ట్రాకరందురు. నెలకు రెండువేలచొప్పున నిరువదినెలల చీటీ యొకటి మేము వేయుచుంటిమి, వంటింటికి మంచి యలమర చేయింపవలెనని. ఆ సొమ్ము ట్రాకరుకు పోయినది. వంటింటిలో నేటికిని పాత బల్లయే యున్నది. దీనికై యొకరిని నిందింప వలనుపడదు. చీటీ పాడినది మేమే.

ఈ యంత్రపు టిరుసు సరిగా ధ్రువునివైపు చూడవలెను. మన ప్రాంతము భూమధ్యరేఖ కుత్తరమున నించుమించు 17 భాగముల దూరమున నుండుటచే ధ్రువుడు మనకు దిగంతమునకు పై 17 భాగముల యెత్తుననే నిలుచును. చేయి చాచి పిడికిలి బిగించి చూడుడు. అది యాకసమున దాదాపు పది భాగములను కప్పును. రెండు పిడికిళ్ళ లోపుననే మన ధ్రువుడున్నాడు. కాశీలో నున్నవారికి 25 భాగముల యెత్తున కనబడును గనుక వారి కింత చిక్కు లేదు. మాకు సరిగా నాచోటనే ప్రక్కయింటి వేపచెట్టు. ఆ యింటి పెద్దమ్మగారి నడుగుటకు నెలదినములు జంకితిమి. తీరా నడుగగా, "ధ్రువుడికి అడ్డమొస్తే కొమ్మ కొట్టుకోండమ్మా, ఉగాదికి పువ్వు మాత్రం నాకు మిగల్చండి" అనిరి.

మొదట ఈ వేడుక మావారిది. ఉదయమే బడికి పోవలసినవారు రాత్రి రెండుగంటలవఱకు నెట్లు మేలుకొందురు? క్రమముగ రాత్రులు మా పాలఁబడినవి. పిల్లల జ్వరములకు, పొదుగు పులుముకొన్న గేదెకు, ముక్కోటి యేకాదశికి మేలుకొని మాకు నిద్ర చెడగొట్టుకొనుట యలవాటే. కాని వానిలో నొక్కటియు మాకై మేలుకొన్నది కాదు.

ఇక గది యెందులకని యడుగుదురు. చుక్కలు ఆకసమున నుండగా గదితో పని యేమి? మేమును మొదట నట్లే తలచితిమి. తీరా చూడగా చుక్కల చిత్రము డాబాపై తయారగునది పావు పాలు. మిగిలిన ముప్పావును బల్లయొద్దనే. ఒకే చోటును నిముసమునకొకటిగా నూఱు చిత్రములు తీయుదుము. ఒక్కొక్కటియు నలుసులతో, గరుకుతో నుండును. నూటిని ఒకదానిపై నొకటి పేర్చి కంప్యూటరు సరాసరి కట్టగా గరుకు పదవపాలికి దిగును. నాలుగువందలు పేర్చిన నిరువదవ పాలికి. ఇదిగాక మూత పెట్టి యంతే సేపు చీకటిని చిత్రింపవలెను. కెమెరా తన వేడిచే తాను పుట్టించుకొను కల్లచుక్కలు దానివలన తెలియును, వానిని తీసివేయుదుము. ఉతికిన తెల్లని పంచెను కటకము మొగమున బిగించి కట్టి మఱికొన్ని తీయుదుము. కటకముపై ధూళి, అంచుల మసక వీనివలన తెలియును. ఆ పంచె మావారిది, పండుగకు కట్టునది. దానికి గంజి పెట్టరాదని తెలిసికొనుటకే రెండు రాత్రులు వ్యర్థమైనవి.

ఇన్ని చిత్రములను కంప్యూటరు కలుపుచుండగా నొక్కొక్కనాడు నాలుగైదు గంటలు పట్టును. ఆ కంప్యూటరు నడిమింట నుండెను. వచ్చినవారు దాని ప్రక్కనే కూర్చుందురు, అబ్బాయి ఆటలకై తెఱచును, చాకలిపద్దు దానిపై పెట్టుదురు. ఒకనాడు మూట తగిలి హార్డుడిస్కు నేలఁబడి రెండు నెలల చిత్రములు పోయినవి. మఱియొక ప్రతి దాచుకొనక పోవుట మా తెలివితక్కువ. నేడు ప్రతి చిత్రము రెండు డిస్కులలో నుంచి, ఒకటి చీరల పెట్టెలో దాచుచున్నాము.

అన్నిటికిని మించినది 2024వ సంవత్సరపు వరద. ఆ సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి ఖమ్మమునుండి నందిగామ దిగువవఱకు నెంత చేటు చేసినదో మన ప్రాంతమువారికి చెప్ప నక్కఱలేదు. మా యింటిలోనికి నీరు రాలేదు గాని గోడలు నెలదినములు చెమర్చినవి. ఒకనాడు కటకమును దీపమున కెదురుగ పట్టి చూడగా లోపల సాలెగూటివలె సన్నని తీగలు. అది బూజు. గాలిలో తేమ నూటికి డెబ్బది పాళ్ళు దాటి చాలకాలము నిలిచిన గాజుపై బూజు పట్టును. పట్టినపిమ్మట గాజుపైని పూతనే తినివేయును. నలువదినుండి యేబది పాళ్ళ తేమలో నుంచుట క్షేమము.

ఆ వరదనాళ్ళలో నింటిలో బూజు పట్టని చోటొక్కటే: పచ్చళ్ళగది. అత్తగారి జాడీలకు తేమ తగులదు, ఎండ తగులదు, దుమ్ము పడదు. నలువదియేండ్లుగా ఆవకాయకై కాపాడినదంతయు కటకమునకు కావలసినదే. అంతకుమించి కిటికీ యుత్తరమునకున్నది, డాబామెట్లు ప్రక్కనే యున్నవి. ఇది మాకు తోఁచినరాత్రి నిద్ర పట్టలేదు. సంతోషముచే గాదు, ఎట్లడుగుదుమాయని.

ఈ యూగులాటలో మావారు మాకు కొన్ని సంగతులు చదివి వినిపించెడివారు, ధైర్యము చెప్పుటకు గాబోలు. మన తెలుగునాట ఇంటిలో వేధశాల పెట్టుకొన్నవారు మొదటివారము కాము. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున తమ యింటనే వేధశాల నెలకొల్పిరి. ఆయన గతించిన పిదప అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నిలిపి, ఆఱంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబము నడ్డముగ దాటుటను గమనించిరి. 1871లోనే లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగ గ్రహించిరి. మావారు ఇంతవఱకు చదివి ఆగిరి. మాకు తోఁచినది వేఱు. తండ్రి యింటను దూరదర్శిని, భర్త యింటను దూరదర్శిని. నడుమ ఆ గృహిణి యొకతె యున్నది గదా! అర్ధరాత్రి దిగివచ్చినవారికి పాలు వెచ్చఁబెట్టినది యెవరు? ఆమె యొక్కమాఱైన కన్నానించి చూచెనా? జమీందారుల యిల్లు గావున పాలు వెచ్చఁబెట్టుటకు దాసీలుండియుందురని మావారనిరి. సరే, చూచుట మాట?

హైదరాబాదున నవాబు జాఫర్ జంగుగారు 1901లో తమ యెస్టేటున నిట్లే వేధశాల మొదలిడిరి. ఆయన తెప్పించిన దూరదర్శిని పదునైదంగుళములది. 1908లో దానిని నిజాము ప్రభుత్వము తీసికొన్నది. 1887లో పారిసున తలపెట్టిన ఆకాశపటమను మహాకార్యమున హైదరాబాదువారికి దక్షిణపు 17 మొదలు 23 భాగముల వఱకు గల పట్టె వచ్చెను. 1914 మొదలు 1929 వఱకు గాజుపలకలపై దానిని చిత్రించిరి. ఇదే పనిలో వాటికను వేధశాలకు వచ్చిన పట్టెను కొలిచినవారు నలుగురు సన్యాసినులు. 1910 మొదలు 1921 వఱకు పగటివేళ గదిలో కూర్చుండి, పలకలను సూక్ష్మదర్శినితో చూచి, రమారమి నాలుగు లక్షల యెనుబదివేల చుక్కల స్థానములను వారు గుర్తించిరి. రాత్రి డాబాపై నిలిచినవారి పేర్లు పుస్తకముల కెక్కినవి. పగలు బల్లయొద్ద కూర్చున్న యా నలుగురి పేర్లు లోకమునకు తెలియుటకు దాదాపు నూఱేండ్లు పట్టినది. ఇది విన్న మఱునాడు మాకు తెగువ వచ్చినది.

అత్తగారి నడుగుమని మావారిని కోరితిమి. తల్లికిని భార్యకును నడుమ నిలుచుటకంటె తనిఖీ యధికారి యెదుట నిలుచుట మేలని వారు చల్లగా తప్పించుకొనిరి. విజయదశమి గడచిన మూడవనాడు మేమే యడిగితిమి. అత్తగారు బియ్యములో రాళ్ళేరుచుండిరి. తలయెత్తక, "వంటిల్లు నీకిచ్చాను. బీరువా వాడికిచ్చాను. ఈ ఇంట్లో నాది అనేది ఆ గదొక్కటే మిగిలింది. అదీ తీసుకో" యని మొలనున్న తాళపుచెవి నూడదీసి నేలపై పెట్టిరి.

దానిని తీసికొనుటకు చేయి రాలేదు. తొమ్మిదిదినములు ఆమె మాతో మాటాడలేదు. తాళపుచెవి ఆ గూటిలోనే పడియున్నది. మాకొక గది కావలెను, నిజమే. ఆ గది మఱియొక యాఁడుదాని చేతినుండి రావలసి వచ్చుట మమ్ము సిగ్గుపఱచినది. మగవారికి గదులెట్లు వచ్చునో యెఱుగము. ఎవరిచేతినుండియు లాగికొన్నట్లు మాత్రము కనబడదు. అవి మొదటినుండియు వారివే. మేము మాట వెనుకకు తీసికొందుమని నిశ్చయించుకొన్న సమయమున నందిగామనుండి మా మఱిది వచ్చిరి. సంగతి విని, చుక్కలకు గది యేమిటి, మిరపబస్తాలు వేసికొనుట కిచ్చిన నెలకు పదునైదువందల యద్దె వచ్చునని లెక్క చెప్పిరి. అత్తగారు చివాలున లేచి, "బస్తాలకిచ్చే గది కోడలికిస్తే ఏం పోయిందిరా?" యనిరి. గది మాకు దక్కినది మా వాదనచే గాదు.

గది నేర్పఱచిన తీరు క్లుప్తముగ చెప్పెదము. జాడీలను వంటింటి మూలకు మార్చితిమి. మిరపఘాటు, ఉప్పుగాలి లోహమునకు పగ గావున గోడలు రెండుమాఱులు కడిగించి, నెలదినములు కిటికీ తెఱచి యుంచి, పిదప బూడిదరంగు సున్నము వేయించితిమి. మెఱయు రంగు గోడలున్న తెఱపైని రంగులు కంటికి తప్పుగ తోఁచును. బల్ల పాతదే, మావారి పరీక్షపత్రములు దిద్దు బల్ల. కిటికీ చట్రమున రంధ్రము చేయించి డాబావఱకు తీగలు నడిపితిమి. కెమెరా పైన, మేము క్రింద. మాఘమాసపు మంచు కటకముపై పట్టకుండ దాని చుట్టు సన్నని వేడిపట్టీ చుట్టుదుము. కరెంటు పోయినప్పుడు ట్రాకరు నిలిచిపోకుండ ఇన్వర్టరు. దీపమునకు ఎఱ్ఱకాగితము చుట్టితిమి; తెల్లనివెలుతురు చూచినకంటికి చీకటిచూపు మరల వచ్చుట కరగంటవఱకు పట్టును, ఎఱుపు దానిని చెఱుపదు. కటకములకు మూత గట్టి ప్లాస్టికు పెట్టె, అందు సిలికాజెల్ గుళికలు, తేమను చూపు ముల్లుగల చిన్న యంత్రము. గుళికలు నీలముగ నున్నంతవఱకు పనిచేయును. గులాబిరంగు తిరిగిన మూకుటిలో సన్నని సెగను వేయించిన మరల నీలమగును. ఆ మూకుడు వంటకు వాడరాదు, ఆ రంగు విషము. పగలు మా యమ్మాయి యాబల్లయొద్ద తొమ్మిదవతరగతి పాఠములు చదువుకొనును. రాత్రి తొమ్మిది దాటిన గది మాది. తలుపు గడియ వేసికొందుము. గడియ వేసికొనుట మాకు నచ్చినంత యింటిలో నెవరికిని నచ్చలేదు.

ఆకసము మాట యందురా, మునుపటంత చీకటి నేడు లేదు. జగ్గయ్యపేట వైపు దీపముల కాంతి దిగంతమున తెల్లగా లేచుచుండును. వేసవిని త్రిశంకుడు దక్షిణమున పదుమూడు భాగముల యెత్తునకు మించి లేవడు. ఆయన సగమా కాంతిలోనే మునిగిపోవును. పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి తిరునాళ్ళ దీపములు మాత్రము మాకు నష్టము చేయవు. అది మాఘపౌర్ణమి, ఆ రాత్రి చంద్రుడే మా పని మానిపించును.

పుష్యమాసమున వంటింటి మూలనున్న మాగాయ జాడీలు రెండు బూజుపట్టినవి. ఆ గోడకు చెమ్మ యున్నదని మాకు తెలిసియుండవలసినది. అత్తగారు మూత తీసి చూచి, తామే మోసికొనిపోయి పెరటిగోతిలో పోసి వచ్చి కాళ్ళు కడుగుకొనిరి. ఒక్కమాట యనలేదు. అనియుండిన బాగుండెడిది.

2025 చైత్ర బహుళమున సప్తర్షులు ఉత్తరమున నిండుగా నిలిచిన రాత్రి డెబ్బది మిల్లీమీటర్ల చిన్న దూరదర్శినికి కెమెరా తగిలించి వసిష్ఠునివైపు త్రిప్పితిమి. మన పెండ్లిండ్లలో చూపు నరుంధతి ఆయన ప్రక్కనే, చంద్రబింబపు వెడల్పులో మూడవపాలికంటె కొంచె మెక్కువ దూరమున నుండును. మఱియొక వింత: మనకు 17 భాగములవద్ద సప్తర్షులు సంవత్సరమంతయు కనబడరు. కార్తికమాసపు పెండ్లిండ్లలో అరుంధతి రాత్రి రెండుగంటల ప్రాంతమునగాని యుదయింపదు. ఆ ముహూర్తముల వధువు లందఱును మావలెనే "కనబడినదండీ" యనియే యుందురు. వసిష్ఠు డొక్కడుగా కంటికి తోఁచినను దూరదర్శినిలో నిద్దఱు. లోకమున మొట్టమొదట ఛాయాచిత్రమున కెక్కిన జంటచుక్క యిదియే. 1857లో అమెరికాయందలి హార్వర్డు వేధశాలవారు తీసిరి. శాస్త్రజ్ఞులు లెక్కింపగా వసిష్ఠునిలో నలుగురు. 2009లో అరుంధతికిని మసకతోడొకటి కనుగొనిరి.

తెఱపై వసిష్ఠుడు రెండుగ చీలి, దూరమున అరుంధతి తెల్లగా నిలిచిన క్షణమున గడియ తీసి బయటికి వచ్చితిమి. అత్తగారు వసారాలో మేలుకొనియే యున్నారు. రెండు కన్నులకును శుక్లములు తీయించినపిమ్మట ఆమెకు నిద్ర పలుచనైనది. "ఒకసారి లోపలికి రండి" యంటిమి. గది యిచ్చిననాటినుండి ఆమె యా గడప త్రొక్కలేదు. వచ్చి, గోడలు చూచి, నేల చూచి, పిదప తెఱ చూచిరి. ఏది యరుంధతియో చూపితిమి. చాలసేపు మాటాడలేదు.

"నా పెళ్ళి పగలే. పదకొండేళ్ళదాన్ని. కనబడిందన్నాను" అనిరి.

"నేనూ అంతేనండి."

"మా అమ్మా అంతే అయ్యుంటుంది." కొంతసేపటికి, "పైకి వెళితే ఇది కంటికి ఆనుతుందా?" యని యడిగిరి. చేయిపట్టుకొని మెట్లెక్కించితిమి. ఎక్కుటకు పావుగంట పట్టినది. వసిష్ఠుని పట్టుకొనిరి గాని అరుంధతి వేఱుగ తెలియుట లేదనిరి. మసకగా నేదో యున్నదనిరి, మరల లేదనిరి. ఈమాఱు కనబడినదని మాత్రము చెప్పలేదు.

దిగి వచ్చినపిమ్మట గదిలో కిటికీ క్రిందనున్న వట్టి యఱను చేతితో తడవి చూచి, "ఇది పొడిగానే ఉంది. ఈ యేటి ఆవకాయ ఒక జాడీ ఇక్కడ పెడతాను. వాసెన గట్టిగా కడతాలే, నీ గాజులకేం కాదు" అనిరి. ఘాటుమాట శాస్త్రప్రకారము చెప్పఁబోయి యూరకుంటిమి. వైశాఖమున జాడీ వచ్చినది. దానిపై రెండు వాసెనలు, నడుమ ప్లాస్టికు కాగితము. తాళపుచెవి నేడు గోడమేకున నుండును. ఎవరు ముందు పోయిన వారు తీసికొందుము.

తేమయంత్రపు ముల్లును చూచు పని ఇప్పు డత్తగారిది. ఆవకాయకై చూచుచున్నారో కటకములకై చూచుచున్నారో మేమడుగలేదు. ఇంతలో ముల్లు ఏబదియైదు దాటినదని లోపలినుండి కేక వినబడుచున్నది. గుళికలు వేయింపవలెను, మూకుడు పొయ్యిపై పెట్టుటకు లేచుచున్నాము.